పెళ్లి డబ్బులు, రోడ్డెక్కిన లైన్లు

2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు గార్మెంట్స్ కార్మికులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, ఏ సంఘమూ పిలవకుండానే మిషన్లు ఆపి హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. కేంద్రం మార్చిన పీఎఫ్ నిబంధన వాళ్లను రోడ్డెక్కించింది. రెండో రోజు గడవకముందే కేంద్రం ఆ నిబంధనను రద్దు చేసింది. ఈ దేశంలో కూలి మనుషులకు అంత తొందరగా దక్కిన గెలుపులు చాలా తక్కువ. అప్పట్లో పత్రికలు పీఎఫ్ గురించి చాలా రాశాయి. ఆ పీఎఫ్ దేనికోసం దాచుకున్నదో కొంచెమే రాశాయి. నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

కింద వాదించుకునే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఊరు హిందూపురం. చిన్నాయన గుంతకల్లు రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, 1974 సమ్మెలో ఉన్న మనిషి. ఆయన అన్న కూతురు చాలా ఏళ్లు బెంగళూరులో టైలరుగా పనిచేసి ఊరికి తిరిగొచ్చింది. వీళ్లిద్దరూ నేను కల్పించిన పాత్రలు. సమ్మెలు, తేదీలు, చట్టాలు మాత్రం నిజమైనవే.

చిన్నాయన: పెండ్లి ఇంట్లో సంగతి, సమ్మె ఫ్యాక్టరీలో సంగతి. రెంటినీ ఒకచోట చేర్చొద్దు పాపా. ఇన్నేండ్లు సంఘంలో తిరిగినాను. కూలి గురించి మాట్లాడినాం, డ్యూటీ గంటల గురించి మాట్లాడినాం, బోనసు గురించి మాట్లాడినాం. పెండ్లి మీద తీర్మానం చేసిన మీటింగు ఒక్కటీ చూడలేదు.

కూతురు: మీ మీటింగుల్లో ఆడోళ్లు ఎంతమంది ఉండేవాళ్లు చిన్నాయనా?

చిన్నాయన: తక్కువే. ఆ కాలంలో రైల్వేలోనే తక్కువ.

కూతురు: మా ఫ్లోర్‌లో వందకు ఎనభై మంది ఆడోళ్లమే. కొత్త పిల్ల లైనులో కూర్చుంటే పక్క మిషన్ ఆమె మొదట అడిగేది జీతం గురించి కాదు. "పెండ్లయిందా? ఇంట్లో ఇంకా ఎంతమంది ఆడపిల్లలున్నారు?" అని. ఆ రెండు మాటలతో ఆ పిల్ల ఎన్నాళ్లుంటుందో, సూపర్‌వైజర్ తిడితే పడుంటుందో, తిరిగి మాట్లాడుతుందో మాకు తెలిసిపోతుంది.

చిన్నాయన: ఎట్లా తెలుస్తుంది?

కూతురు: అక్క పెండ్లి అప్పు తీర్చను వచ్చిన పిల్ల నోరెత్తదు. నెల తప్పితే వడ్డీ పెరుగుతుంది. తన పెండ్లికి తానే కూడబెట్టుకునే పిల్లా ఎత్తదు. గొడవల్లో తిరిగిందని ఊర్లో తెలిస్తే కుదిరిన సంబంధం కూడా తప్పిపోతుంది. బిడ్డ పెండ్లికి దాచే తల్లి ఇంకా ఓర్చుకుంటుంది. టార్గెట్ పెంచినా ఓర్చుకుంటుంది, బాత్రూముకు పోతే గడియారం చూసినా ఓర్చుకుంటుంది. ఆ దాచిన దుడ్డు మీద చేయి పడిందా, ఇంక ఓర్చుకోదు.

చిన్నాయన: నా మాటనే నువ్వు చెప్తున్నావు. పెండ్లి భయం మనిషిని అణచిపెడుతుంది. తమిళనాడులో చూడు. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ వైపు నూలు మిల్లులవాళ్లు పల్లెల్లో తిరిగి పెండ్లికాని పిల్లల్ని తెచ్చుకున్నారు. మూడేండ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే చివర్లో ముప్పై వేలో, నలభై వేలో, యాభై వేలో ఒక్కసారిగా చేతికిస్తామన్నారు. దానికి సుమంగళి పథకం అని పేరు. మధ్యలో పోతే ఆ మొత్తం పోయినట్టే. జబ్బు చేసి ఇంటికి పోయినా అంతే. హాస్టలు గేటు దాటాలంటే వార్డెన్ పర్మిషన్ ఉండాల. ఇంక సంఘం మనిషిని ఎక్కడ కలుస్తుంది ఆ పిల్ల? నెలనెలా ఇయ్యాల్సిన జీతంలోంచే కొంత ఆపి, దానికి పెండ్లి కానుక అని పేరు పెట్టినారు. 2011లో నెదర్లాండ్స్ సంస్థలు రెండు నివేదిక వేస్తే గాని బట్టలు కొనే విదేశీ కంపెనీలు మేలుకోలేదు. అట్లాంటి చోట పెండ్లి మాటెత్తితే యజమాని నెత్తిన పాలు పోసినట్టే.

కూతురు: పాలు పోసేది మాటెత్తకపోతేనే చిన్నాయనా. పెండ్లి అనే తాడుతో పిల్లను మూడేండ్లు కట్టేయొచ్చని మిల్లు ఓనరుకు తెలిసింది. ముడి ఎక్కడుందో కట్టినోనికి తెలుసు. విప్పుతామని వచ్చినోళ్లు ఆ ముడి వైపే చూడం అంటే ఎట్లా?

చిన్నాయన: సరే, మీ 2016 సంగతికి రా. నువ్వూ రోడ్డు మీద ఉన్నావు కదా.

కూతురు: ఉన్నాను. సోమవారం ఆరోజు. 58 ఏండ్లు నిండేదాకా పీఎఫ్ చేతికి రాదని పేపర్లో పడింది. కంపెనీ బస్సులో ఒకామె చదివి వినిపించింది. మేం గేటు దగ్గర దిగేసరికి ఆ మాట అందరి నోళ్లలో నానుతోంది. నేను షర్టులకు కాలర్లు ఎక్కిస్తా ఉన్నా. మొదటి గంట ఎవరూ ఏమీ అనలేదు, పీసులు పోతానే ఉన్నాయి. కఫ్‌లు కుట్టే ఒకామె ఉండె మాకు ఎదురు వరసలో. కూతురికి శ్రావణంలో పెండ్లి. ఏప్రిల్ నెలాఖరుకు రిజైన్ చేస్తే రెండు నెలలు ఆగి పీఎఫ్‌కు పెట్టుకోవచ్చు, జులైలో దుడ్డు వస్తుంది, ఆషాఢం పోతానే పెండ్లి. అట్లా వేలు మడిచి లెక్క పెట్టుకుంది ఆమె. నగల అంగడిలో అడ్వాన్సు కూడా కట్టేసింది. ఆమె ముందు మిషన్ ఆపి లేచింది. సూపర్‌వైజర్ వచ్చి కూర్చోమన్నాడు. "నా దుడ్డు ఎక్కడ?" అంది. ఆయప్ప ఏం చెప్తాడు? ఆయనకూ తెలియదు, ఆయన పీఎఫ్ కూడా అందులోనే ఉంది. ఆ వెనక వరస ఆగింది, తర్వాత మాది ఆగింది. పది నిమిషాలకు మెట్ల మీద తోపులాట. బయటికి వస్తే పక్క కంపెనీవాళ్లు అప్పటికే రోడ్డు మీద ఉన్నారు.

చిన్నాయన: మీకు ఎవరన్నా చెప్పినారా, ఆ నిబంధనలో అసలు ఏముందో? ఫిబ్రవరి 10న ఇచ్చిన నోటిఫికేషన్ అది. నీ జీతంలోంచి కోసిన వాటా, దానికి వడ్డీ నువ్వు తీసుకోవచ్చు. కంపెనీ వేసిన వాటా మాత్రమే 58 దాకా ఆపుతామన్నారు. మొత్తం పోతుందని పుకారు నమ్మి మీరు రోడ్డెక్కినారు.

కూతురు: కంపెనీ వాటా ఎంతో లెక్క చెప్పు. నువ్వు లెక్కల మనిషివి.

చిన్నాయన: అప్పుడు నీ జీతం ఏడు వేలు అనుకుందాం. నీ వాటా పన్నెండు శాతం, నెలకు 840. కంపెనీ కూడా పన్నెండు వేస్తుంది గాని అందులో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. పీఎఫ్‌కు మిగిలేది 3.67 శాతం. నెలకు 257 రూపాయలు. ఐదేండ్లకు వడ్డీ కాకుండా పదిహేను వేల చిల్లర.

కూతురు: ఆ సంవత్సరం పది గ్రాముల బంగారం ముప్పై వేలకు దగ్గర్లో ఉంది. నువ్వు చిల్లర అంటున్న పదిహేను వేలు ఐదు గ్రాములు. పిల్ల మెడలో పడాల్సిన ఐదు గ్రాములు పదిహేనేండ్ల తర్వాత ఇస్తామంటే పెండ్లికొడుకు వాళ్లు ఆగుతారా? పుకారో కాదో మాకు అక్కర్లేదు. మా లెక్కలో ఆ ఐదు గ్రాములు తగ్గినాయి. అది నిజమే కదా?

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. పీఎఫ్ నిబంధనలు పెళ్లిని గుర్తుపెట్టుకునే రాశారు. అప్పట్లో ఉద్యోగం వదిలినవాళ్లు పీఎఫ్ మొత్తం తీసుకోవాలంటే రెండు నెలలు ఆగాల్సి ఉండేది. పెళ్లి చేసుకోవడానికి రాజీనామా చేసే ఆడవాళ్లకు మాత్రం ఆ ఆగడం అక్కర్లేదని పాత నిబంధనలోనే ఉంది. పెళ్లైతే ఆడపిల్ల పని మానేస్తుందని చట్టం రాసినవాళ్లు ముందే అనుకున్నారు. 2016లోనూ అంతే. గొడవ ముదిరిన ఆ రోజుల్లోనే అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ బండారు దత్తాత్రేయ, కొన్ని అవసరాలకు మొత్తం పీఎఫ్ తీసుకోనిచ్చే సడలింపు గురించి చెప్పారు. ఇల్లు, పెద్ద జబ్బు, పిల్లల పెద్ద చదువు, పిల్లల పెళ్లి. ఢిల్లీలో కూర్చున్న అధికారులకు ఈ గొడవలో పెళ్లి ఉందని తెలిసింది. దాన్ని తమ కోర్కెల పత్రంలో రాసుకున్న సంఘం మాత్రం నాకు కనబడలేదు.

చిన్నాయన: నేను దుడ్డు గురించి అడగడం లేదు. దారి గురించి అడుగుతున్నా. రెండో రోజు బస్సులు తగలబెట్టినారు, లాఠీలు విరిగినాయి, బాష్పవాయువు వదిలినారు. మీకు నాయకుడు లేడు, కమిటీ లేదు, మాట్లాడేదానికి ఒక మనిషి లేడు. గెలిచినారు సరే. మూడో రోజు పొద్దున ఏం చేసినారు?

కూతురు: మిషన్ మీద కూర్చున్నాం.

చిన్నాయన: అదే నేను చెప్పేది. రెండు రోజుల్లో ఢిల్లీని వంచినోళ్లు, ఆ ఏడు వేల జీతాన్ని ఎందుకు వంచలేకపోయినారు? పెండ్లి దుడ్డు దక్కింది, ఇంటికి పోయినారు. పెండ్లి కోసం లేచిన పోరాటం పెండ్లితోనే కూలబడుతుంది.

కూతురు: ఈ మాట నాకు గుచ్చుకుంటుంది చిన్నాయనా. నిజం కాబట్టే గుచ్చుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి పెరగాల్సిన కరువు భత్యం, నెలకు 417 రూపాయల చిల్లర, కర్ణాటకలో కంపెనీలు ఇయ్యకుండా ఆపినాయి. లక్షలమందికి ఆపినాయి. దాదాపు రెండేండ్లు. రోడ్డు బంద్ కాలేదు. యూనియన్లు కోర్టుకు పోయి, బయటి దేశాల్లో బ్రాండ్ల మీద ఒత్తిడి తెచ్చినంక బకాయిలతో ఇచ్చినారు.

చిన్నాయన: అప్పుడు కరోనా. రోడ్డు మీదికి ఎవరొస్తారు?

కూతురు: కరోనా ఒక కారణం. అదొక్కటే కాదు. నెలకు 417 పోతే కూరలు తగ్గించుకుంటాం, చీటీ ఒక నెల ఆపుతాం. అది ఇంట్లో ఆడది ఒక్కతే మోస్తుంది, బయటికి కనబడదు. పెండ్లి దుడ్డు అట్లా కాదు. దానికి తేదీ ఉంది. ముహూర్తం పెట్టినాక వెనక్కి జరగదు. పదిమందికి చెప్పిన మాట అది. మా మొగుళ్లు, అన్నదమ్ములు ఎప్పుడన్నా మమ్మల్ని సమ్మెకు పొమ్మన్నారా? ఆ రెండు రోజులు మాత్రం ఒక్కరూ వద్దనలేదు. మా మామ స్వయంగా "పో, ఆ దుడ్డు లేకుంటే ఎట్లా" అన్నాడు. ఇంట్లో అడ్డు లేకుండా మేం రోడ్డెక్కింది ఆ ఒక్కసారే.

చిన్నాయన: మగోళ్ల పర్మిషన్ దొరికింది కాబట్టి ధైర్యం వచ్చిందంటావా?

కూతురు: పర్మిషన్ మాకు వాళ్లియ్యలేదు, ముహూర్తం ఇచ్చింది. నీ సంగతే తీసుకో. 1974లో నీకు కుదిరిన సంబంధం ఎందుకు తప్పిపోయిందో అవ్వ మాకు చెప్పేది.

చిన్నాయన: (కొంచెం ఆగి) చెప్పిందా? మే 8న సమ్మె మొదలైంది. ఇరవై రోజులు సాగింది. నన్ను నౌకరీలోంచి తీసేసినారు. పిల్ల నాయన మనిషిని పంపించినాడు, నౌకరీ లేనోనికి ఇయ్యమని. జనతా ప్రభుత్వం వచ్చినాక 1977లో మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఆ తర్వాతనే మీ చిన్నమ్మతో పెండ్లయింది. అయినా నేను సమ్మెలోంచి వెనక్కి రాలేదు.

కూతురు: నువ్వు రాలేదు. నీతోపాటు వెనక్కి వచ్చినోళ్లు లేరా?

చిన్నాయన: ఉన్నారు. ఉన్నారులే. చెల్లెండ్ల పెండ్లిండ్లు నెత్తి మీద పెట్టుకున్నోళ్లు వారం తిరక్కుండానే డ్యూటీ ఎక్కినారు. మేం వాళ్లను ద్రోహులన్నాం.

కూతురు: వాళ్ల చెల్లెండ్ల పేర్లు మీ సంఘం రిజిస్టర్లో ఉండి ఉంటే ద్రోహులనే పని పడేది కాదు. పెండ్లి ఉన్న ఇంటికి సమ్మె ఫండులోంచి ముందు పంపిస్తే వాళ్లు నిలబడేవాళ్లేమో.

చిన్నాయన: దుబాయి పోయిన మగపిల్లలదీ ఇదే కథ. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు చెల్లెలి పెండ్లికి అప్పు చేసి, ఆ అప్పు తీర్చను వీసాకు ఇంకో అప్పు చేసి పోతారు. అక్కడ యూనియన్ పెట్టనీయరు, సమ్మె చేస్తే దేశం దాటిస్తారు. అయినా 2007లో దుబాయిలో వేలమంది కట్టడం పనోళ్లు పని ఆపినారు. వాళ్లు పెండ్లి కోసం ఆపలేదు, కూలి చాలక ఆపినారు.

కూతురు: కూలి ఎందుకు చాలలేదు? ఇంటికి పంపాల్సింది ఎంతో ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి. ఆ అంకెలో పెండ్లి అప్పు ఉంది.

చిన్నాయన: సరే, ఇప్పుడు అసలు మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు రోడ్డెక్కి కాపాడుకున్న పీఎఫ్ ఎక్కడికి పోయింది?

కూతురు: పెద్దపాప పెండ్లికి పోయింది.

చిన్నాయన: పెండ్లిలో దేనికి?

కూతురు: అల్లునికి బండి. ఇంకా బంగారు.

చిన్నాయన: కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమని 1961 నుంచి చట్టం ఉంది. లాఠీ దెబ్బలు తిని కాపాడుకున్న దుడ్డు తీసుకపోయి కట్నంలో పోసినారు. అట్లాంటి దుడ్డుకు సంఘం కాపలా కాయాల్నా? ఎర్రజెండా పట్టుకుని కట్నం కోసం పోరాడమంటావా? నీకు 58 వచ్చేసరికి ఏం మిగులుతుంది?

కూతురు: ఏమీ మిగలదు. రెండుసార్లు తీసేసినా. పెద్దపాప పెండ్లికి ఒకసారి, చిన్నపాప చదువుకు ఒకసారి. ఇప్పుడు నా పీఎఫ్ ఖాతాలో ఉన్నది హిందూపురంలో పనిలో చేరినాక పడిందే. నువ్వన్నది తప్పు కాదు. అల్లునికి బండి కొనిచ్చినందుకు నేను గొప్పగా చెప్పుకోను. ఇంకో మాట కూడా విను. గార్మెంట్స్‌లో పనిచేసే పిల్లంటే సంబంధం తెచ్చే పెద్దమనుషులే అడుగుతారు, "ఎన్నేండ్ల సర్వీసు, పీఎఫ్ ఎంత ఉంటుంది" అని. మేం దాచింది వాళ్ల నోట్లో పడుతోంది. అయితే ఒకటి. నా కష్టం నేను దేనికి ఖర్చు పెడతానో చూసి అది నాదా కాదా అని సర్కారు చెప్తుందా? మగోడు తాగుతాడని అతని జీతం 58 దాకా ఆపినారా ఎప్పుడన్నా?

చిన్నాయన: ముసలితనానికి అని ఆపుతారు, శిక్షకు కాదు.

కూతురు: మా లైనులో 58 ఏండ్ల టైలర్ని చూపించు. నలభై దాటితే కండ్లు కనబడవు, నడుము పట్టేస్తుంది, గంటకు అరవై పీసులు అందవు. పొమ్మని చెప్పరు. రోజూ అందరి ముందర తిడతారు, మేమే పోతాం. మాకు ముసలితనం 45కే వస్తుంది. 58కి ఇస్తామన్న దుడ్డు మా చేతికి రాదనే మాకు అర్థమైంది.

చిన్నాయన: అట్లా అని రిజైన్ చేసి చేసి తీసుకుంటే నష్టం ఎవరికి? ఐదేండ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఏడు వేల జీతం మీద ఐదేండ్లకు ఇరవై వేలు. మీరు నాలుగేండ్లకో, నాలుగున్నరకో పెండ్లి వచ్చిందని రాజీనామా రాసిస్తారు. పీఎఫ్ చేతికొస్తుంది, గ్రాట్యుటీ ఎగిరిపోతుంది. పక్క కంపెనీలో మళ్లీ కొత్త మనిషి లెక్కన చేరతారు. సీనియారిటీ లేదు, జీతం పెంపు లేదు.

కూతురు: మా హెచ్ఆర్ వాళ్లే చెప్తారు, "రిజైన్ చెయ్, పీఎఫ్ తీసుకో, మళ్లీ వచ్చి చేరు" అని. మాకు మంచి చేసినట్టే ఉంటుంది.

చిన్నాయన: మంచి కాదు పాపా! ఇంటికో పెండ్లి వచ్చినప్పుడల్లా కంపెనీకి పాత మనిషి పోయి కొత్త మనిషి వస్తుంది. యూనియన్‌లో పేరు రాసుకున్న మనిషి కూడా దాంతోనే పోతుంది. పెండ్లికైతే ఉద్యోగం వదలకుండానే అడ్వాన్సు తీసుకోవచ్చు. ఏడేండ్ల సర్వీసుంటే నీ వాటాలో సగం ఇచ్చేవాళ్లు. నీదో, బిడ్డదో, తోడబుట్టినోళ్లదో, ఎవరి పెండ్లికైనా సరే.

కూతురు: ఏడేండ్లు ఒకచోట ఎవరుంటారు? ఉద్యోగం మారినా ఖాతా కొనసాగుతుందని మాకు చెప్పినోళ్లెవరు? నువ్వు ఇప్పుడు చెప్పినావే, ఈ మాట నాకు 2010లో గేటు దగ్గర ఎవరన్నా చెప్పుంటే నేను రెండుసార్లు రిజైన్ చేసేదాన్ని కాదు. పెండ్లి ఇంటి సంగతని మీరు పక్కన పెట్టినందుకు మాకు పోయింది ఇదే.

చిన్నాయన దగ్గర దీనికి వెంటనే జవాబు లేదు. ఆయన కట్నం గురించి అన్నదానికి ఆమె దగ్గరా పూర్తి జవాబు లేదు. ఆమె వాదనలో నాకు కనబడిన గట్టి భాగం ఈ రాజీనామా సంగతి. పెళ్లి వల్ల కార్మికురాలు నోరు మూసుకుంటుందా, రోడ్డెక్కుతుందా అని మనం వాదించుకుంటున్నాం. ఈలోగా ప్రతి పెళ్లికీ ఆమె సర్వీసు సున్నా నుంచి మొదలవుతోంది. సర్వీసు లేని మనిషికి సంఘంలో నిలకడ ఎక్కడిది? 2016లో ఆ గెలుపు మూడో రోజుకు చెదిరిపోవడానికి ఇదొక పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను.

చిన్నాయన: పెండ్లికాని పిల్లలైతే ఈ బాధ లేదు కదా. అందుకేనేమో కంపెనీలు వాళ్లనే వెతుక్కుంటాయి. శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్‌లో పెండ్లయినోళ్లను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. కంపెనీ ఒప్పుకోలేదు. కేంద్రం తమిళనాడును రిపోర్టు అడిగింది. అప్పుడు అమల్లో ఉన్న 1976 సమాన వేతన చట్టం ప్రకారం ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదు.

కూతురు: పెండ్లికాని పిల్లలు గొడవ చెయ్యరనుకున్నారేమో. అదే ఫాక్స్‌కాన్‌లో 2021 డిసెంబరులో ఏమైంది? హాస్టల్లో తిన్న తిండి వికటించి నూటయాభై మందికి పైగా ఆసుపత్రి పాలైనారు. పద్దెనిమిది, ఇరవై ఏండ్ల పిల్లలు చెన్నై–బెంగళూరు హైవే మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ మూతపడి, మళ్లీ తెరుచుకుంది 2022 జనవరిలో. అక్కడ ఆపిల్ ఫోన్లు బిగించేది ఆ పిల్లలే.

చిన్నాయన: అది తిండి గొడవ. పెండ్లికీ దానికీ ఏం సంబంధం?

కూతురు: ఆ పిల్లల్ని ఇంట్లోనుంచి పంపించినప్పుడు అమ్మానాయనలు పెట్టుకున్న నమ్మకం ఏంది? హాస్టలుంది, వార్డెనుంది, పిల్ల పరువుతో ఉంటుంది, రెండేండ్లకు పెండ్లికి ఇంత కూడుతుంది. ఆ నమ్మకం మీదే కంపెనీకి పిల్లలు దొరుకుతారు. పురుగుల అన్నం తిని పిల్ల ఆసుపత్రిలో పడిందంటే, అమ్మానాయనలే ఫోన్ చేసి "ఏమైంది, చెప్పు" అంటారు. ఇంటి నుంచి బెదిరింపు ఉండాల్సిన చోట ఇంటి నుంచి అండ వచ్చింది. మా బెంగళూరు హాస్టళ్లలో ఒడిశా పిల్లలు ఉండేవాళ్లు. కేంద్రం ట్రైనింగ్ ఇప్పించి పంపిన పిల్లలు. ఎవరన్నా యూనియన్ మనిషితో మాట్లాడితే "మీ ఇంటికి ఫోన్ చేసి చెప్తాం" అని బెదిరించేవాళ్లు. ఆ మాటకే ఏడ్చేవాళ్లు. అంతలోనే సంబంధం చూసినాం రమ్మని ఇంటి నుంచి పిలుపు. ఏడాది తిరగకుండానే సగం మంది పోయేవాళ్లు. మా లైనులో కుదురుకున్న ఒక పిల్ల నాకు బాగా గుర్తు. పన్నెండో క్లాసు చదివింది, జీతం చీటీలో తప్పు పట్టింది మొదట ఆ పిల్లే. కోతలన్నీ కూడి చూపించింది. కమిటీలో పెడదామనుకున్నాం. ఒక ఆదివారం వాళ్లన్న వచ్చి తీసుకపోయినాడు.

చిన్నాయన: ఆపేదానికి మీరేం చెయ్యగలిగేవాళ్లు?

కూతురు: ఆ పిల్ల అమ్మతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడగలిగేవాళ్లం. ఇంకో సంవత్సరం ఆగమని అడిగేవాళ్లం. సంఘం పని అది కాదని అప్పుడు మాకూ చెప్పినారు.

చిన్నాయన: సరేలే. ఇండ్లకు ఫోన్ చెయ్యమంటావు, పెండ్లికి ఫండు పెట్టమంటావు, అడ్వాన్సు ఫారాలు నింపమంటావు. చెయ్యొచ్చు. కట్నం సంగతి మాత్రం నేను వదలను. సంఘం ఇంటికి పోయేదైతే ఆ మాట కూడా తీసుకపోవాల. దాచిన దుడ్డు కాపాడతాం, కట్నానికి ఇయ్యొద్దని కూడా చెప్తాం. రెండూ చెప్పే దమ్ముంటే పోండి, లేకుంటే పోవద్దు.

కూతురు: చెప్పండి. మీరు చెప్తే మొదట తిట్టుకుంటాం. చిన్నపాప పెండ్లికి ఆ మాట నాకు పనికొస్తుందేమో చూస్తా. బండి ఇయ్యమని అడిగినోళ్లకు సంఘమోళ్లు ఒప్పుకోరని చెప్పే ధైర్యం అన్నా వస్తుంది.

వీళ్ల మాటలు ఇక్కడికి ఆపుతున్నాను. కట్నం దగ్గర చిన్నాయన పట్టిన పట్టు న్యాయమైనది, దాన్ని సడలించమని నేను అడగను. పెళ్లి సంఘం గడప బయటి సంగతి అన్న ఆయన మొదటి మాట మాత్రం తప్పు. 2016 ఏప్రిల్‌లో ఆడవాళ్లు దాన్ని రోడ్డు మీదే తేల్చేశారు.

2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు మళ్లీ నిబంధనలు మార్చాలని నిర్ణయించింది. ఉద్యోగంలో ఉండగానే పెళ్లికి ఐదుసార్ల వరకు డబ్బు తీసుకోవచ్చని, పన్నెండు నెలల సర్వీసుంటే చాలని చెప్పింది. ఖాతాలో పావు వంతు ఎప్పుడూ ఉంచాలని, ఉద్యోగం వదిలినవాళ్లకు మొత్తం చేతికి రావాలంటే రెండు నెలలకు బదులు పన్నెండు నెలలు ఆగాలని కూడా చెప్పింది. ఇందులో మేలూ ఉంది, ముహూర్తం పెట్టుకుని రాజీనామా చేసే ఇంటికి పెద్ద దెబ్బా ఉంది. హిందూపురం, శ్రీసిటీ, అచ్యుతాపురం గేట్ల దగ్గర తిరిగే సంఘాల వాళ్లను నేను అడిగేది ఒకటే. వచ్చే పెళ్లిళ్ల సీజను కంటే ముందే ఈ నిబంధనలు పీఎఫ్ ఆఫీసులో సరిచూసుకుని, తెలుగులో ఒక పేజీకి అచ్చు వేయించి, షిఫ్టు వదిలే వేళ పంచండి. బిడ్డ పెళ్లి కుదిరిన తల్లి రాజీనామా కాగితం రాసేలోపే ఆ పేజీ ఆమె చేతికి అందాలి.